స్టార్ ట్రెక్ యుద్ధం ఇప్పుడు టేబుల్ మీద.. పాచికల కంటే ఎదుటివాడి మనసు చదవడమే ముఖ్యం!

80ల్లో ఆదివారాలు దూరదర్శన్ ముందు కూర్చున్నవాళ్లకు మొనదేలిన చెవుల మిస్టర్ స్పాక్ గుర్తుండే ఉంటాడు. కెప్టెన్ కిర్క్, ఎంటర్‌ప్రైజ్ నౌక.. అదే ‘స్టార్ ట్రెక్’. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో 1966 నుంచి 1969 వరకు 79 ఎపిసోడ్లు వచ్చింది. ఆ సిరీస్‌లోనూ, దాని తర్వాత వచ్చిన సిరీస్‌లలోనూ కనిపించిన నౌకలను చిన్న బొమ్మలుగా చేసి, టేబుల్ మీద యుద్ధం చేయించే ఆటే ‘స్టార్ ట్రెక్: అటాక్ వింగ్’. విజ్‌కిడ్స్ కంపెనీ 2013లో తెచ్చింది.

పాత జ్ఞాపకాన్ని ప్లాస్టిక్‌లో పోసి అమ్మేస్తున్నారా? లేక ఆ సిరీస్‌లోని మజా నిజంగానే ఇందులో ఉందా? ఆట ఎలా నడుస్తుందో చూస్తే తెలిసిపోతుంది.

గళ్లు లేని చదరంగం

ఇందులో బోర్డు ఉండదు, గళ్లు ఉండవు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఖాళీ స్థలం చాలు. ప్రతి నౌకకూ ఒక గుండ్రటి డయల్ ఉంటుంది. ఎటు తిరగాలి, ఎంత వేగంతో వెళ్లాలి అన్నది దాని మీద రహస్యంగా సెట్ చేసి, బోర్లించి పెట్టాలి. ఎదుటివాళ్లూ అదే పని చేస్తారు. తర్వాత ఒక్కొక్కటిగా తిప్పి, అట్టతో చేసిన కొలబద్ద పెట్టి నౌకను జరపాలి.

అసలు కిక్ ఇక్కడే. శత్రువు ఎడమకు తిరుగుతాడని మీరు లెక్కేసి డయల్ తిప్పుతారు. వాడేమో నేరుగా వచ్చేస్తాడు. నౌక వెళ్లి నౌక మీద పడిందంటే.. అడ్డం లేని చోటు వరకు దాన్ని వెనక్కి జరపాలి. పైగా ఆ రౌండ్‌లో యాక్షన్ పోయినట్టే. పులి-మేక ఆటలో మేకలు ఎక్కడున్నాయో పులికి కనిపిస్తుంది. ఇక్కడ కనిపించేది ఇప్పటి పరిస్థితి మాత్రమే, వచ్చే క్షణం కాదు.

కష్టమైన మలుపులు డయల్ మీద ఎరుపు రంగులో ఉంటాయి. అలాంటిది తీసుకుంటే నౌకకు ఒక టోకెన్ పడుతుంది. అది ఉన్నంతసేపు యాక్షన్లు చేయలేరు, ఇంకో ఎర్ర మలుపూ తీసుకోలేరు. ఆకుపచ్చ మలుపు తీసుకుంటే టోకెన్ పోతుంది. అంటే ఇంజిన్‌ని ఒకసారి పిండేస్తే మరోసారి ఊపిరి తీసుకోనివ్వాలన్నమాట.

కెప్టెన్‌కూ ఒక నంబర్ ఉంటుంది. తక్కువ నంబర్ కెప్టెన్ ముందు కదలాలి. కాల్పులకు వచ్చేసరికి ఎక్కువ నంబర్ ఉన్నవాడిదే మొదటి దెబ్బ. అనుభవమున్న కెప్టెన్ అందరూ ఎక్కడికి చేరారో చూసుకుని, తీరిగ్గా గురిపెడతాడు. ఎర్ర పాచికలు దాడికి, ఆకుపచ్చవి తప్పించుకోవడానికి. బాగా దగ్గర నుంచి కొడితే ఒక ఎర్ర పాచిక అదనం. దూరం ఎక్కువైతే ఎదుటివాడికి ఒక ఆకుపచ్చ పాచిక అదనం. దెబ్బ ముందు షీల్డ్‌లకు తగులుతుంది, అవి పోయాక నౌక ఒంటికి.

మాయమైపోయే నౌక

సిరీస్ అభిమానులు ఎదురుచూసేది మాత్రం క్లోకింగ్ కోసమే. 1966 డిసెంబర్‌లో వచ్చిన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ ఎపిసోడ్‌లో రోములన్ జాతి మొదటిసారి కనిపించింది. వాళ్ల నౌక కంటికి కనపడకుండా పోతుంది. కానీ కాల్పులు జరపాలంటే బయటపడాల్సిందే. ‘ది ఎనిమీ బిలో’ అనే 1957 నాటి సబ్‌మెరైన్ సినిమా ఆ కథకు స్ఫూర్తి. అందుకే ఇద్దరు కెప్టెన్లు ఒకరి ఆలోచనను ఒకరు పట్టుకోవడంలోనే కథంతా సాగుతుంది. రోములన్ కమాండర్‌గా చేసిన మార్క్ లెనార్డ్, తర్వాత స్పాక్ తండ్రి పాత్రలోనూ కనిపించాడు.

ఆటలో దీన్ని తెలివిగా పెట్టారు. క్లోక్ వేసుకుంటే తప్పించుకోవడానికి నాలుగు పాచికలు అదనంగా వస్తాయి. అయితే షీల్డ్‌లు మొత్తం దిగిపోతాయి! ఒక్క గట్టి దెబ్బ తగిలినా నేరుగా నౌకకే. కాల్పులు జరిపితే ఆ క్లోక్ కూడా పోతుంది. దాక్కోవాలా, కొట్టాలా? టీవీలో కమాండర్ పడిన టెన్షన్ ఇప్పుడు మీది.

ఫ్యాన్స్‌కు నచ్చనివీ ఉన్నాయ్

ఈ కదలికల పద్ధతి ‘స్టార్ వార్స్: ఎక్స్-వింగ్’ ఆట నుంచి లైసెన్స్ తీసుకున్నది. అది చిన్న ఫైటర్ విమానాల కోసం చేసింది. వందల మంది సిబ్బంది ఉండే ఎంటర్‌ప్రైజ్ అలా గిరగిరా తిరగడం ఏంటని కొందరి అభ్యంతరం. అది నిజమే. నౌకల సైజుల్లోనూ పోలిక లేదు. సిరీస్‌లో బుల్లి నౌక ‘డిఫయంట్’ ఇక్కడ పెద్ద నౌకల పక్కన దర్జాగా కనిపిస్తుంది.

ఇంకో వింత ఏంటంటే, కాస్త ఎక్కువ పాయింట్లు ఖర్చుపెడితే కిర్క్‌ని క్లింగాన్ నౌకకు కెప్టెన్‌ని చేసేయొచ్చు! సిరీస్ చూసినవాళ్లు ‘ఇదేం చోద్యం’ అంటారు, గెలుపే కావాలనుకునేవాళ్లు ‘పాయింట్లు కలిసొచ్చాయా లేదా’ అంటారు. ఆడే ముందే ఇద్దరూ మాట్లాడుకుని, ఎవరి జాతి కెప్టెన్లు వాళ్లకే అని పెట్టుకుంటే గొడవ ఉండదు.

స్టార్ ట్రెక్ అభిమానులకు టేబుల్ యుద్ధాలు కొత్తేం కాదు. 1979లోనే ‘స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్’ వచ్చింది. అందులో ఇంజిన్ పవర్‌లో ఆయుధాలకెంత, షీల్డ్‌లకెంత అని ప్రతి టర్న్‌కూ కాగితం మీద లెక్క రాసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు ఇప్పటికీ అదే అసలైన ఆట అంటారు. అటాక్ వింగ్ మాత్రం ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు.

మొదలుపెట్టాలంటే 2013 స్టార్టర్ బాక్స్‌లో ఫెడరేషన్, క్లింగాన్, రోములన్ నౌకలు ఒక్కోటి చొప్పున మూడు ఉంటాయి. జేబుకు చిల్లు పడేది ఆ తర్వాతే. మిగతా నౌకలన్నీ విడివిడిగా అమ్ముతారు. ఒక్కో ప్యాక్‌లో ఇంకెక్కడా దొరకని కార్డు ఏదో ఒకటి పెట్టి ఊరిస్తారు. కిర్క్ నడిపిన పాత ఎంటర్‌ప్రైజ్ కూడా స్టార్టర్‌లో రాదు, అందులో ఉండేది తర్వాతి తరం ఎంటర్‌ప్రైజ్-డి. కాబట్టి ముందు ఆ మూడింటితోనే నాలుగైదుసార్లు ఆడి చూడటం మంచిది. ఎదురు ఆడే మనిషే దొరకకపోతే? ఇదే పద్ధతిలో 2021లో ‘స్టార్ ట్రెక్: అలయన్స్’ వచ్చింది. అందులో ఆటగాళ్లంతా ఒకే జట్టు, శత్రువు నౌకలను రూల్సే నడిపిస్తాయి. ఒక్కరే కూర్చుని కూడా ఆడుకోవచ్చు.