పాటకు ముందు నిశ్శబ్దము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అనిరి పెద్దలు. స్తంభములకును దూలములకును ఎంత యగునో అందరును లెక్క వేయుదురు. గొళ్ళెములకును మేకులకును అగు వ్యయము పనిలో దిగిన పిమ్మట గాని తెలియదు. ఇంటిలో శబ్దలేఖనశాలను, అనగా రికార్డింగు స్టూడియోను ఏర్పరచుకొనుటయు ఇట్టిదే. ఏ మైక్రోఫోను మేలైనది, ఏ కంప్యూటరు వేగముగలది అని నెలల తరబడి విచారించువారు, ఆ మైక్రోఫోనును నిలబెట్టు స్టాండును గూర్చి ఒక్క దినమైనను ఆలోచింపరు. తుదకు పాటను చెరచునది ఆ ఆలోచింపని వస్తువే యగుచుండును.

ఒకప్పుడు పాట రికార్డు కావలెనన్నచో నగరములలోని పెద్ద స్టూడియోలకు పోక తప్పెడిది కాదు. ఇటీవలి సంవత్సరములలో కరీంనగరు, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతముల యువకులు ఇంటిలోని ఒక గదినే స్టూడియోగా మార్చుకొని, జానపద గేయములను యూట్యూబు ద్వారా లోకమునకు వినిపించుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు. ఏలయన, ఈ సీమ నాదసంపదకు పుట్టినిల్లు. ఒగ్గువారు డోలు, తాళములు, నపీరాలతో మల్లన్న కథను, బీరప్ప కథను రాత్రుల తరబడి చెప్పుదురు. ఆదిలాబాదు అడవిపల్లెలలో పర్ధానులు కిక్రి అను మూడు తంత్రుల వాద్యమును కమానుతో మీటుచు గోండుల వంశగాథలను గానము చేయుదురు. నాటువేయు కూలీల పాటలకును, బతుకమ్మ పాటలకును లెక్కయే లేదు.

ఈ సంపదను పదిలపరచుటకు పెద్దలు పాటుపడకపోలేదు. హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్త 1940వ దశకమున మార్లవాయి గ్రామమున నివసించి, గోండుల గాథలను సేకరించి, 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన ఉద్గ్రంథమును ప్రకటించెను. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. ఆ గ్రంథములు మనకు మాటలను మిగిల్చినవి, అర్థములను మిగిల్చినవి. కాని కిక్రి నాదము అచ్చుపుటలో వినబడదు. ముదుసలి గాయకుని గొంతులోని జీర అక్షరమున కందదు. 1986లో ఆదిలాబాదున ఆకాశవాణి కేంద్రము వెలసిన పిదప ఆ కొరత కొంత తీరినది. మిగిలిన పని యిప్పుడు ఇంటింటి స్టూడియోల చేతికి వచ్చినది. సినిమాపాట చెడినచో మరునాడు మరల పాడింపవచ్చును. ఎనుబదియేండ్ల కథకుని కంఠము మరల దొరకునన్న నమ్మకము లేదు. కనుకనే చిన్న పరికరముల సంగతి చిన్న విషయము కాదు.

అన్నిటికంటె ముందు కావలసిన పరికరము గది. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. మూడు మీటర్ల దూరమున గోడ యున్నచో, స్వరము దానిని తాకి సెకనులో ఏబదవ వంతుకు లోపలనే మరలి వచ్చును. మన చెవి దానిని వేరుగా గుర్తింపదు. మైక్రోఫోను మాత్రము రెండింటిని కలిపి గ్రహించును. అందుచేత గొంతు బావిలోనుండి వచ్చినట్లు డొల్లగా వినబడును. గ్రానైటు పరచిన నేల, సున్నము కొట్టిన నున్నని గోడలు కంటికి ఇంపుగా ఉండును గాని పాటకు పగవారు. గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు అంటించు వాడుక కలదు. ఆ పలుచని అట్ట వలన కలుగు లాభము స్వల్పము. పాతచీరల బొంతలను, దూది పరుపులను గోడకు నాలుగంగుళముల ఎడముంచి వ్రేలాడదీయుట అంతకంటె ఎంతయో మేలు. అమ్మమ్మ కుట్టిన బొంత స్టూడియోలో అక్కరకు వచ్చు వస్తువులలో ఒకటి.

అయితే బొంత లోపలి ప్రతిధ్వనిని మ్రింగును గాని బయటి రొదను ఆపదు. సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు, రేకుల యింటిపై వానచినుకుల మోత, ఎండకాలమున ఫ్యాను హోరు: వీనికి మందు సమయమును ఎంచుకొనుటయే. తెల్లవారుజామున మగ్గములు ఆగిన వేళ ఒక గంట దొరికిన చాలును. ఫ్యానును పాట పాటకు నడుమ వేసికొని, పాడునప్పుడు ఆపవలెను.

తరువాతిది స్టాండు. తేలికపాటి స్టాండు నేల అదురును మైక్రోఫోనునకు మోసికొనిపోవును. గాయకుడు కాలితో తాళము వేసినను అది 'దబ్బు'మని పలుకును. బరువైన అడుగుగల స్టాండును, మైక్రోఫోనును రబ్బరు పట్టీలపై ఊయలవలె నిలుపు బిగింపును కొనుట మంచిది. 'ప', 'బ', 'భ' అను నక్షరములు పలుకునప్పుడు నోటినుండి వెడలు గాలి మైక్రోఫోనును కొట్టును. దానిని అడ్డుటకు అంగడిలో జాలి దొరకును. లేనిచో అల్లికపని చట్రమునకు నైలాను గుడ్డను బిగించి విద్యార్థులే చేసికొనవచ్చును. గాయకునికిని మైక్రోఫోనునకును నడుమ జానెడు దూరము చాలును. దూరము రెట్టింపయిన కొలది స్వరబలము ఆరు డెసిబెల్లులు తగ్గును. గదిలోని రొద మాత్రము తగ్గదు.

కేబులును ఎవరును లెక్కచేయరు. మూడు మొనలుగల మంచి కేబులులో రెండు తీగలు సంకేతమును పరస్పర విరుద్ధముగా కొనిపోవును. చేరినచోట ఒకదానినుండి వేరొకదానిని తీసివేయుదురు. దారిలో రెండింటికిని సమముగా అంటిన విద్యుత్తు రొద అందుతో తొలగిపోవును. మన యింటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, నాసిరకపు తీగలో ఆ గుంయిమను ధ్వని పాట పొడవునను వినబడును. చెవులను పూర్తిగా మూయు హెడ్‌ఫోను లేనిచో ఇట్టి దోషము అప్పటికప్పుడు తెలియదు. గాయకుడు ఇల్లు చేరిన పిమ్మట తెలిసి ఏమి లాభము?

మైక్రోఫోను ఏ దిక్కునుండి వినునో తెలిసికొనుట మరువరాని సంగతి. ఒక రకము ముందువైపు స్పష్టముగా వినును, వెనుకవైపు మిక్కిలి తక్కువగా వినును. ఒగ్గుకథలో డోలు కంఠమును ముంచివేయును. గాయకుని మైక్రోఫోను ముందు కూర్చుండబెట్టి, డోలును దాని వెన్నువైపు కొంత దూరమున ఉంచినచో రెండును సరితూగును. ఖర్చు లేని ఉపాయ మిది.

విద్యుత్తు పోయినను ఆగని బ్యాటరీ, తేమనుండి మైక్రోఫోనును కాపాడు సిలికాజెల్ పొట్లము, రెండవ హార్డుడిస్కు సైతము ఈ జాబితాలోనివే. 24 బిట్ల, 48,000 నమూనాల ప్రమాణమున ఒక మైక్రోఫోను గంట పాటకు సుమారు 520 మెగాబైట్లు పట్టును. దానికి రెండు ప్రతులు తీసి, ఒకటి వేరొక యింట ఉంచవలెను. ఒకే పెట్టెలోని ధనము దొంగకు సులభము.

కట్టకడపటి పరికరము మిక్కిలి చవుకది, మిక్కిలి మరువబడునది: నోటుపుస్తకము. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలను గ్రామఫోను కంపెనీవారు ఒక హోటలు గదిలో రికార్డు చేసిరి. ఇంటి స్టూడియోలకు ఆ గదినే పెద్దమ్మ అనవచ్చును. ఆమె పాట చివర తన పేరును తానే పలికెడిది. రికార్డులు తయారుచేయువారు దూరదేశమున గాయని యెవరో గుర్తించుటకు అదియే ఆధారము. మనకును అదియే పాఠము. గాయకుని పేరు, ఊరు, తేదీ, కథ పేరు, పాటను ప్రకటించుటకు ఆతని సమ్మతి ఇవి వ్రాసికొననిచో, ఎంత నిర్మలమైన రికార్డైనను తలిదండ్రులెరుగని బిడ్డయగును.

ఈ వస్తువులన్నియు కలిసినను ఒక మంచి మైక్రోఫోను వెలకు మించకపోవచ్చును. ఏ పాఠశాలలోనైనను ఉపాధ్యాయులును విద్యార్థులును కలిసి, పుస్తకముల బీరువాల నడుమ ఒక మూలను బొంతలతో చుట్టి, ఊరి ముదుసలిని పిలిచి కూర్చుండబెట్టవచ్చును. యంత్రమును నడుపుటకు ముందు ఒక నిమిషము అందరును నోరు మూసికొని గదిని వినవలెను. ఆ నిమిషమున ఏమియు వినరాకున్నచో, అవ్వ పాట మొదలు పెట్టవచ్చును.