రెండో డీఎన్ఎస్ ‘స్పేర్’ కాదు

బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉంది కాబట్టి ఇక్కడ తెలుగువాడంటే సాఫ్ట్‌వేరే అనుకుంటారు. నేను ఐటీఐ చదివి సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నవాణ్ణి. ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన డీఎన్ఎస్ సంగతి ఇక్కడ రాస్తున్నా.

మా సైట్ ట్రైలర్‌లో డ్రాయింగులన్నీ ఒక చిన్న స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి. పెట్టినవాళ్లు దానికి ‘డ్రాయింగ్స్.ట్రైలర్’ అని పేరిచ్చారు. పొద్దున తెరుచుకునేది. పదింటికి అదే ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల సెర్చ్ పేజీ, యాడ్లతో సహా! గేటు దగ్గర రెడీమిక్స్ లారీ నిలబడి ఉంటుంది. అప్పుడు ఎవడైనా ఫోన్‌లో దాచుకున్న పాత డ్రాయింగే తీస్తాడు. పైపు స్లీవు జరిపిన సంగతి పాత రివిజన్‌లో ఉండదు కదా, పోశాక స్లాబ్‌కి కోరింగ్ కొట్టాల్సిందే.

ఊళ్లో ‘చిన్నోడి ఇల్లు’ అంటే ఎవరైనా చూపిస్తారు. హైదరాబాద్ జీపీఓలో అడిగితే? ‘అలాంటివాడు లేడు’ అంటారు. ఇదీ అంతే. రౌటర్‌లో మొదటి డీఎన్ఎస్ మన లోపలిది, రెండోది కంపెనీది. చాలామంది రెండోదాన్ని స్టెప్నీ టైరనుకుంటారు. మొదటిది కాస్త ఆలస్యం చేస్తే చాలు, కంప్యూటర్ రెండోదాన్ని అడుగుతుంది, చాలాసార్లు దాంతోనే ఉండిపోతుంది. ‘ఆ పేరు లేదు’ అన్నది కూడా పూర్తి జవాబే, అది వచ్చాక ఇంకొకర్ని అడగదు. కొన్ని కంపెనీలు ‘లేదు’ అనే బదులు తమ పేజీ అడ్రసు ఇస్తాయి, అది ఇంకా దారుణం.

కాబట్టి రౌటర్‌లో లోపలి డీఎన్ఎస్ ఒక్కటే ఇవ్వండి. తెలియని పేర్లని అదే కంపెనీని అడిగి తెస్తుంది. ఐపీవీ6 కింద కంపెనీ సర్వర్ దూరిందేమో కూడా చూడండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌కి బయటి సర్వర్ పేరు ఇచ్చి ఉంటే అది మన రౌటర్ మాట వినదు.

పేరుకి తోచిన తోక తగిలించొద్దు. ‘.హోమ్’, ‘.కార్ప్’ లాంటివి జనం లోపల ఎక్కువగా వాడేస్తున్నారని ఐకాన్ 2018లో వాటిని ఎవరికీ ఇవ్వకుండా ఆపింది. ఇళ్లకి అదే ఏడాది ‘హోమ్.ఆర్పా’ వచ్చింది. ఆఫీసుకైతే 2024లో సొంత నెట్‌వర్కులకని పక్కన పెట్టిన ‘.ఇంటర్నల్’ వాడండి. ‘.లోకల్’ వద్దు, ప్రింటర్లు వాటంతటవే పిలుచుకునే పద్ధతికి అది ముందే ఇచ్చేశారు.

మార్చాక వైఫై ఆపి మళ్లీ కలపండి. ల్యాప్‌టాప్‌లో ‘ఎన్ఎస్‌లుకప్’ అని, పక్కనే ఆ పేరు కొడితే, జవాబిచ్చిన సర్వర్ ఏదో పైనే కనిపిస్తుంది.