తీర్థమనగా రేవు

అర్చకులు చేతిలో పోసేది తీర్థం. కాశీ, రామేశ్వరాలకు చేసేది తీర్థయాత్ర. తిరుమల కొండల్లోని తుంబురు తీర్థం ఒక జలస్థానం. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల ఉత్సవమూ తీర్థమే. ఇన్నింటికి ఒకే మాట ఎలా సరిపోయింది?

సంస్కృతంలో ‘తౄ’ ధాతువునకు దాటుట అని అర్థం. దానిపై ‘థక్’ ప్రత్యయం చేరి తీర్థశబ్దం ఏర్పడింది. దేనిచేత దాటుదురో అది తీర్థం. అనగా నీటిలోనికి దిగుటకు, ఆవలి గట్టు చేరుటకు అనువైన చోటు. తెలుగులో రేవు. నది ఎంత పుణ్యప్రదమైనా, గట్టు నిటారుగా ఉన్నచోట మనం దిగలేము. దిగనిచ్చే చోటే తీర్థం.

బాల్యంలో నేను వల్లించిన అమరకోశం ఈ పదానికి శాస్త్రం, ఋషులు సేవించిన జలం, గురువు అనే అర్థాలు కూడా చెప్పింది. అజ్ఞానాన్ని దాటించే రేవు గురువు. అందుకే ఒకే గురువు వద్ద చదివినవారు సతీర్థ్యులు. మన అరచేతిలోనూ రేవులున్నాయి. వ్రేళ్ళ కొనలు దేవతీర్థం, బొటనవ్రేలి మొదలు బ్రహ్మతీర్థం, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడిమి భాగం పితృతీర్థం. తర్పణజలం పితరులను చేరేది ఆ దారినే. ‘అవతార’ శబ్దమూ ఈ ధాతువునుండే పుట్టింది. మనం నీటిలోనికి దిగుతాము. స్వామి మనకోసం దిగివస్తాడు.

ఈ అర్థం తెలిసిన భక్తులకు ఒక బాధ్యత ఉన్నది. స్నానం చేసిన వస్త్రాన్ని నదిలో విడిచితే పాపం పోతుందని కొందరి నమ్మిక. ఆ వస్త్రం తరువాత దిగేవారి కాళ్ళకు చుట్టుకుంటుంది. దాటించవలసిన చోట అడ్డు వేయడం తీర్థసేవ కాదు. సబ్బు, ప్లాస్టిక్ సంచులు, పగిలిన దీపపు ప్రమిదలు కూడా అటువంటివే.

దాతలకు ఒక మనవి. గోపురానికి ఇచ్చే ద్రవ్యం ఎంత పుణ్యమో, పాచిపట్టిన మెట్లు బాగుచేయించి ఇనుపకడ్డీ పెట్టించడమూ అంత పుణ్యమే. డెబ్బై దాటిన నా మోకాళ్ళకు ఆ కడ్డీ విలువ బాగా తెలుసు. పసిబిడ్డ, గర్భిణి, వృద్ధుడు నిర్భయంగా దిగి ఎక్కగలిగిననాడే ఆ రేవునకు తీర్థమనే పేరు సార్థకం.