రక్తము ప్రాణవాయువును మోయు విధము

అన్నము లేక మనుష్యుడు కొన్ని దినములు జీవింపవచ్చును. గాలి లేక కొన్ని నిమిషములకు మించి నిలువజాలడు. అయితే మనము పీల్చు గాలి ఊపిరితిత్తులవరకే పోవును. ప్రాణవాయువు కావలసినదో, మెదడు మొదలు కాలివ్రేళ్లవరకుగల సమస్తావయవములకును. గాలి చేరజాలని యీ చోట్లకు దానిని చేర్చునది రక్తము. ఈ పని యెట్లు జరుగుచున్నదో తెలిసికొందము.

ఒక లీటరు రక్తపు ద్రవభాగములో కరగి యుండు ప్రాణవాయువు సుమారు 3 మిల్లీలీటర్లు మాత్రమే. ఇంత స్వల్పముతో దేహము నిలువదు. అయినను ఊపిరితిత్తులనుండి వెడలు ఒక లీటరు రక్తమునందు సుమారు 200 మిల్లీలీటర్ల ప్రాణవాయువు గలదు. ఇందుకు కారణము ఎఱ్ఱ రక్తకణములు. ఒక్క ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి సుమారు 50 లక్షలుండును. ప్రతి కణమును, ఇరుప్రక్కల నడుమ నొక్కిన బిళ్లవలె నుండి, హీమోగ్లోబిను అను ఎఱ్ఱని పదార్థముతో నిండియుండును. హీమోగ్లోబిను అణువు ఒక్కొక్కదానియందు నాలుగు ఇనుప పరమాణువులు గలవు. ఇవియే ప్రాణవాయువును పట్టుకొనునవి.

పట్టుకొనుట మాత్రమే చాలునా? బస్తాలతో ఊరు చేరిన బండివాడు వానిని దింపకయే మరలివచ్చినచో ఎవరికేమి లాభము? హీమోగ్లోబిను విశేషమంతయు నిందే యున్నది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు సమృద్ధిగా నుండుటచే దానిని గైకొనును. కండరములలో కొఱతగా నుండుటచే అచ్చట విడుచును. మనము ఊరక కూర్చుండినపుడు మోసిన దానిలో సుమారు నాలుగవవంతునే దింపును. పరుగెత్తునపుడో, కండరములయందు బొగ్గుపులుసు గాలియు, ఆమ్లగుణమును, వేడియు హెచ్చును. ఇవి హెచ్చినకొలది హీమోగ్లోబిను పట్టు సడలును. కావున ఎక్కువ శ్రమించు అవయవమునకు ఎక్కువ ప్రాణవాయువు తనంతనే లభించును. బొగ్గుపులుసు గాలికిగల యీ ప్రభావమును డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బోర్ తన సహచరులతోగూడి 1904లో వెల్లడించెను.

బండి వట్టిగా మరలదు. అవయవములలో పుట్టిన బొగ్గుపులుసు గాలిని రక్తము తిరుగుదారిని గొనివచ్చును. అందు కొంత ద్రవమున కరగియు, కొంత హీమోగ్లోబినును అంటుకొనియు వచ్చును. అధికభాగము, అనగా నూటికి సుమారు 70 పాళ్లు, నీటితో కలసి బైకార్బొనేటుగా మారి వచ్చును. వంటసోడాయందున్నదియు బైకార్బొనేటే. ఈ మార్పు దానంతట జరుగవలెనన్న ఆలస్యమగును. ఎఱ్ఱకణములలోని యొక ఎంజైము దానిని అతిశీఘ్రముగ నడపును. ఊపిరితిత్తులు చేరగానే అది మరల గాలియై నిశ్వాసముతో వెలికిపోవును. గోలీసోడా బుడ్డి తెరచినపుడు బుసబుస పొంగునదియు ఈ గాలియే.

ఇనుము చాలనిచో హీమోగ్లోబిను తగ్గును. అట్టి పిల్లలు పాలిపోయి, కొలది పనికే ఆయాసపడుదురు. తలిదండ్రులు వారిని సోమరులని నిందింపక వైద్యునకు చూపవలెను. ఆకుకూరలు, పప్పుధాన్యములు, మాంసము మొదలగువానియందు ఇనుము గలదు. కొంకిపురుగులు ప్రేగులలో చేరి రక్తమును పీల్చుటవలనను ఈ లోపము కలుగును. ఈ పురుగుల పిల్లలు మలముచే చెడిన నేలనుండి వట్టికాళ్ల చర్మముగుండ లోనికి చొచ్చును గనుక చెప్పులు తొడుగుట మేలు.

ఇంతకంటె ఘోరమైన యపాయ మింకొకటి గలదు. చలికాలమున తలుపులు మూసికొని బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రించువారు గలరు. బొగ్గు చాలినంత గాలి లేక కాలినపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. హీమోగ్లోబిను దానిని ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగ పట్టుకొని, త్వరగా విడువదు. మిగిలిన ప్రాణవాయువునుగూడ అవయవములకు సరిగా దింపజాలదు. మొదట తలనొప్పి, తల తిరుగుట, వాంతి కలుగును. పిదప స్మారకము తప్పి, నిద్రలోనే మరణము సంభవింపవచ్చును. కావున మూసిన గదిలో కుంపటి నెన్నడును ఉంచరాదు. ఎవరైన నట్లు పడియుండిన, తలుపులు తెరచి, వెంటనే వారిని బయటి గాలిలోనికి చేర్చి, ఆలస్యము చేయక వైద్యుని పిలిపింపవలెను. బాలబాలికలు ఈ సంగతిని ఇంటికి పోయి పెద్దలకును చెప్పుదురుగాక.