స్క్రిప్టుకి మెయిల్ చూపిద్దాం, తాళంచెవి మాత్రం దాచుకుందాం

డిపార్ట్‌మెంట్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తే మన ముందు ఉండేది నల్ల తెర ఒక్కటే. బ్రౌజర్ ఉండదు, మౌస్‌తో పని లేదు. రాత్రంతా అక్కడ నడిచే మన ప్రోగ్రామే ఇన్‌బాక్స్ చూసి, గైడ్ గారి మెయిల్ వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఎలా? నాలుగైదు లైన్ల షెల్ స్క్రిప్టు చాలు.

ఎందుకంటే మెయిల్ సర్వర్‌కి బ్రౌజరే కావాలని రూలేం లేదు. దానికి అర్థమయ్యే భాషల్లో ఒకటి ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ దీన్ని రూపొందించాడు. ఇదంతా మామూలు అక్షరాల్లో సాగే మాటామంతీ. ముందు 'లాగిన్' అంటాం, తర్వాత 'సెలెక్ట్ ఇన్‌బాక్స్' అంటాం, ఆపైన 'సెర్చ్ అన్‌సీన్' అంటాం. అవతలి నుంచి చదవని మెయిళ్ళ నంబర్లు 4, 9, 12 అంటూ వచ్చేస్తాయి. మధ్యలో ఎవరూ వినకుండా 993 పోర్టులో టీఎల్‌ఎస్ కాపలా ఉంటుంది. ఈ పనంతా కర్ల్ ఒక్క లైన్లో చేసిపెడుతుంది. ఆ స్క్రిప్టుని క్రాన్‌కి అప్పగిస్తే పది నిమిషాలకోసారి అదే చూసుకుంటుంది.

చిన్న మెలిక ఒకటుంది. 'ఫెచ్ బాడీ' అని అడిగితే ఆ మెయిల్ చదివేసినట్టు గుర్తు పడిపోతుంది. తర్వాత ఫోన్లో చూస్తే అది కొత్తదిలా కనబడదు. 'బాడీ పీక్' అంటే గుర్తు పడదు.

అసలు చిక్కంతా పాస్‌వర్డ్ దగ్గరే. సర్వర్ మన ఒక్కరిదే కాదు కదా! పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్‌లో రాస్తే, అదే మెషీన్‌లో ఉన్న ఇంకొకరు 'పీఎస్' కొట్టినప్పుడు కనబడొచ్చు. కర్ల్ దాన్ని చెరిపేయాలని చూస్తుంది గానీ, ఆ లోపు ఒక్క క్షణం చాలు. పైగా షెల్ హిస్టరీలోనూ మిగిలిపోతుంది. స్క్రిప్టులోనే రాసేస్తే, ఆ ఫైలు పర్మిషన్ 644 అయితే, దాన్ని అందరూ చదువుకోవచ్చు.

ఇన్‌బాక్స్ పోతే పోయేది ఉత్తరాలే కాదు. మన మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులన్నీ వచ్చేది అక్కడికే.

అందుకే పాస్‌వర్డ్‌ని హోం ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే నెట్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టి, దానికి 600 పర్మిషన్ ఇవ్వాలి. కర్ల్‌కి 'మైనస్ ఎన్' అంటే అక్కడి నుంచే తీసుకుంటుంది. అయినా రూట్ అధికారం ఉన్నవాళ్ళకి ఆ ఫైలు కనబడుతుంది. కాబట్టి అసలు పాస్‌వర్డ్ అక్కడ వద్దు. జీమెయిల్ అయితే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు. అనుమానం వస్తే దాన్నొక్కదాన్నే రద్దు చేస్తే సరిపోతుంది. ప్రాజెక్టు కోసం విడిగా ఓ మెయిల్ ఐడీ తెరిస్తే ఇంకా నిశ్చింత.

ఇప్పటికే ఇలాంటి స్క్రిప్టు నడుపుతున్నవాళ్ళు ఈరోజే 'ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఏ' కొట్టి చూడండి. పాస్‌వర్డ్ ఉన్న ఫైలు వరుసలో ముందు ఆర్, డబ్ల్యూ, ఆ తర్వాత అన్నీ గీతలే ఉండాలి. ఇంకో ఆర్ కనబడిందంటే, ముందు పర్మిషన్ సరిచేయండి, వెంటనే పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.