కంటికి చిక్కు, నోటికి తేలిక

ఎస్, ఏ, ఓ, ఐ, ఆర్, ఎస్, ఈ. ఈ ఏడు అక్షరాలనూ ఇదే వరుసలో రాసి చదవమంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవారు కూడా ‘సావోయిర్స్’ అనో ‘సోయిర్సీ’ అనో తడబడతారు. ఐర్లండ్‌లో ఆడపిల్లలకు పెట్టే ఈ పేరును అక్కడివారు ‘సీర్ష’ అంటారు. ‘సర్ష’ అనేవారూ ఉన్నారు. స్వేచ్ఛ అని అర్థం. 1922లో ఐరిష్ స్వేచ్ఛా రాజ్యం ఏర్పడిన కాలంలో, స్వాతంత్ర్య పోరాటపు వేడిలో ఈ మాట పేరుగా వాడుకలోకి వచ్చింది.

పలికేది అంత సులువైతే ఇంత మెలికగా ఎందుకు రాస్తారు? లిపి రోమన్‌దే అయినా, ఆ అక్షరాలు నడిచేది ఐరిష్ భాష నియమాల ప్రకారం. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లునూ ‘వెడల్పు’గా ఒక తీరున, ‘సన్నం’గా మరో తీరున పలుకుతారు. సంప్రదాయ వర్ణమాలలో ఉన్నవి 18 అక్షరాలే. రెండు తీరులకూ విడివిడి అక్షరాలు చాలవు. అందుకే ఆ తేడా చెప్పే పని పక్కనున్న అచ్చులకు అప్పగించారు. పక్కన ఏ, ఓ, యూ ఉంటే హల్లు వెడల్పు. ఈ, ఐ ఉంటే సన్నం.

ఇప్పుడు పేరును మళ్ళీ చూడండి. మొదటి ఎస్‌ను ఆనుకుని ఏ ఉంది కనుక అది ‘స’గానే నిలుస్తుంది. చివరి ఎస్ తర్వాత ఈ ఉంది కనుక సన్నబడి ‘ష’ అవుతుంది. నడుమనున్న ఏ, ఓ, ఐ మూడూ కలిసి ఒకే దీర్ఘం.

ఇలాంటి సర్దుబాటు తెలుగులోనూ ఉంది. ‘చీమ’, ‘చెట్టు’ అనేటప్పటి చకారం వేరు, ‘చాప’, ‘చుక్క’ అనేటప్పటిది వేరు. రెండో జతలో నాలుక కొస పళ్ళ వైపు జరుగుతుంది. రాసే అక్షరం ఒకటే, తర్వాతి అచ్చును బట్టి ధ్వని మారుతుంది.

నోరు తిరగని పేరుతో నష్టమేమైనా ఉందా? సైమన్ లేహమ్, పీటర్ కోవల్, ఆడమ్ ఆల్టర్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, సులువుగా పలకగల పేర్లున్నవారిపై జనానికి కాస్త ఎక్కువ సదభిప్రాయం కనిపించింది. పేరు పొడుగు, కొత్తదనం పక్కన పెట్టి చూసినా ఆ మొగ్గు పోలేదు.

అయితే ఒకసారి చెవిన పడితే ఈ పేరు నోటికి కష్టమేమీ కాదు. ఆ చెవిన వేసే పని సినిమాలు చేశాయి. న్యూయార్క్‌లో 1994లో పుట్టి ఐర్లండ్‌లో పెరిగిన నటి సర్ష రోనన్ ‘అటోన్‌మెంట్’తో 13 ఏళ్ళకే ఆస్కార్ నామినేషన్ అందుకుంది. 2015లో ‘బ్రూక్లిన్’ వచ్చింది. తన పేరు ఎలా పలకాలో టీవీ కార్యక్రమాల్లో ఆమె ఎన్నోసార్లు చెప్పాల్సి వచ్చింది. అమెరికా సామాజిక భద్రతా సంస్థ వద్ద 1880 నుంచి పిల్లల పేర్ల లెక్కలున్నాయి. ఆడపిల్లల మొదటి 1000 పేర్లలోకి ఈ పేరు తొలిసారి ఎక్కింది 2016లో.

ఎక్కిన పేరు ఎంతకాలం నిలుస్తుంది? ఫ్రాన్స్, అమెరికా పేర్ల చరిత్రను పరిశీలించిన జోనా బర్గర్, గేల్ ల మాన్స్ 2009లో ఒక సంగతి తేల్చారు: ఎంత వేగంగా పైకొస్తే అంత వేగంగా మరుగున పడుతుంది. రివ్వున ఎగసిన పేరు నాలుగు రోజుల మోజేమోనని తల్లిదండ్రులు వెనకాడతారు. ఆ లెక్కన, హాజరు పిలిచేటప్పుడు టీచర్లను తికమకపెట్టే ఈ అక్షరాలే సీర్షకు మేలు చేయవచ్చు. చూడగానే చదవలేని పేరు అందరూ ఒక్కసారిగా ఎగబడి పెట్టుకునేది కాదు కదా!