నేలలోని విషలోహములు – పైరులు వానిని సహించు విధము

మేము గ్రామములకు బోయినపుడు సభ్యులు తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "కార్ఖానా మురుగు కలిసిన కాలువనీరు పారించినను మా వరి నల్లగా, ఏపుగా నున్నది గదా! నేల చెడినదని మీరేల భయపెట్టెదరు?" అని. ప్రశ్న సహేతుకమైనదే. కాని పైరు ఏపుగా నున్నంత మాత్రమున గింజ నిర్దోషమని చెప్పుటకు వీలులేదు.

జపాను దేశమున తొయామా ప్రాంతములో జింజూ అను నది కలదు. ఎగువనున్న కమియోకా గని నుండి కాడ్మియమను లోహము ఈ నదిలోనికి కొట్టుకొనివచ్చి దిగువ మాగాణులలో చేరినది. ఆ నేలలలో వరి పండుట మానలేదు. జనులు ఆ బియ్యమునే పెక్కేండ్లు భుజించిరి. తుదకు బిడ్డలను గని వయసు మళ్ళిన స్త్రీలకు ముఖ్యముగా మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి, కొద్దిపాటి కదలికకే విరుగజొచ్చినవి. రోగులు "ఇతాయి, ఇతాయి", అనగా "నొప్పి, నొప్పి" యని మూల్గుటచే వ్యాధికి ఆ పేరే నిలిచినది. దీనికి కాడ్మియమే మూలమని 1968లో జపాను ప్రభుత్వము అంగీకరించెను. చెడిన పొలములలో మంచి మన్ను పోసి బాగుచేయు పని 2012 నాటికి గాని ముగియలేదు.

ఇంతటి విషమును వరి యెట్లు సహించును? వేరునకు కాడ్మియముతో పనిలేదు. మాంగనీసు మాత్రము కావలెను. మాంగనీసు వచ్చు వాకిటనే కాడ్మియమును లోనికి జొరబడును. వాకిటి కావలివానికి చుట్టమెవరో దొంగ యెవరో తెలియదన్నమాట. అప్పుడు మొక్క గంధకముగల సూక్ష్మ పదార్థములను తయారుచేసికొని, వానితో ఆ లోహమును బంధించును. వీనిని ఫైటోకెలాటినులందురు, మొక్కలలో ఇవి యుండుటను 1985లో జర్మను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. బంధింపబడిన లోహమును మొక్క తన కణములోని నీటిసంచిలో చేర్చి మూసివేయును. పురుగుమందు డబ్బాను పిల్లల కందకుండ అటకపై బెట్టుట వంటి దిది. విషము ఇంటిలోనే యున్నది గాని పనిపాటలకు అడ్డము రాదు.

వేరులోని సంచులలో ఎంత యెక్కువ నిలిచిన, గింజకు అంత తక్కువ చేరును. ఈ శక్తి అన్ని వంగడములకును సమానముగా లేదు. సీసము చాలవరకు వేరులోనే చిక్కుపడును. కాడ్మియము అట్లుగాక కాండము గుండ గింజ కెక్కును. పాలకూర వంటి ఆకుకూరలలో మరింత చేరును. ఆకుకూరకు ఆకే అటక; మనము వండుకొని తినునది ఆ యటకనే!

జపానువారు కోషిహికారి యను వరివిత్తులపై అయాను కిరణములు ప్రసరింపజేసి, ముందు చెప్పిన మాంగనీసు వాకిలి చెడిన మొక్కలను ఏర్చి 2012లో ప్రకటించిరి. వాని గింజలలో కాడ్మియము మిక్కిలి స్వల్పము.

విత్తనము మార్చలేనివారికి నీరే సాధనము. మడిలో నీరు నిలిచినపుడు మన్నులోనికి గాలి చొరదు. కాడ్మియము గంధకముతో గూడి కరగని రూపము దాల్చును. అందుచే వరి యీనుటకు ముందు మూడు వారములు, పిమ్మట మూడు వారములు మడి నారనీయకుండుట జపానులో వాడుక. అయితే నేలలో పాషాణమున్నచో నీరు నిలిచినకొలది అది కరగి పైరు కెక్కును. పెనముమీదినుండి పొయ్యిలో బడినట్లగును. కనుక నేలలో నున్నదేదో తెలియక ఈ పనికి పూనుకొనరాదు. ఆమ్లగుణముగల నేలకు సున్నము చల్లినను కాడ్మియము వేరున కందుట తగ్గును. చౌడునేలలకు మాత్రము సున్నము తగదు.

బియ్యము కిలోకు కాడ్మియము 0.4 మిల్లీగ్రాము మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణము. ఇది కంటికి గాని నాలుకకు గాని పట్టుబడదు. 2015లో ఆరంభమైన భూసార పత్రములో 12 అంశములు కలవు. జింకు, రాగి, ఇనుము, మాంగనీసు వానిలో నున్నవి గాని కాడ్మియము, సీసము, పాషాణము లేవు. కావున మూసీ దిగువ పొలములవలె మురుగునీరు పారుచోట్ల సభ్యులు మన్ను పంపునపుడు ఈ మూడింటిని ప్రత్యేకముగా వ్రాసి యడుగవలెను. మన్నుతోబాటు అదే మడిలోని వడ్లను గూడ పంపవలెను. అన్ని పరీక్షాశాలలకును ఈ సాధనములు లేవు. ముందుగా విచారించుట మేలు. ఒకే కాలువక్రింది సభ్యులు కూడి ఖర్చు పంచుకొనిన నొక్కొక్కరికి భారము స్వల్పమగును.